కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మందులు వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రుమటాయిడ్ కీళ్లవాతంతో పదిహేనేళ్లుగా మందులు వాడుతున్నాను. ఈ పదిహేనేళ్లలో వైద్యుల గది బయట కూర్చుని, నాలాగే వేళ్ల వాపుతోనో మోకాళ్ల అరుగుదలతోనో వచ్చినవారితో గంటల కొద్దీ మాట్లాడాను. లోపల అడగడానికి మొహమాటపడి, బయట ఒకరినొకరం అడిగి తెలుసుకున్న ప్రశ్నలే ఇక్కడ ఎక్కువగా ఉన్నాయి. నేను వైద్యురాలిని కాను. మందు మోతాదు మార్చుకోవడానికి ఈ జవాబులు చాలవు. మీ వైద్యుడిని ఏమి అడగాలో తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తాయని నమ్ముతున్నాను.

నాకు నాలుగు రకాల మాత్రలు రాశారు. ఇవన్నీ నొప్పి మాత్రలేనా?

కాకపోవచ్చు. ఈ ఒక్క సంగతిని మొదటి రోజే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఎంతోమంది వేళ్లు వంకరపోకుండా నిలిచేవని నా గట్టి నమ్మకం. డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్ వంటివి నొప్పినీ వాపునీ తగ్గిస్తాయి. వేసుకున్న గంటా రెండు గంటల్లో తేడా తెలుస్తుంది, మందు ప్రభావం తగ్గగానే నొప్పి తిరిగి వస్తుంది. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, లెఫ్లునమైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అలాంటివి కావు. రుమటాయిడ్ కీళ్లవాతంలో శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది; ఈ మందులు ఆ దాడిని అదుపు చేస్తాయి. వాటి ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు, కొందరిలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

నేను మాట్లాడినవారిలో చాలామంది పొరబడింది ఇక్కడే. గంటలో ఉపశమనం ఇచ్చిన మాత్రను మంచి మందుగా నమ్మి ఏళ్ల పాటు దగ్గర పెట్టుకున్నారు. నెల గడిచినా తేడా తెలియని మాత్రను పనికిరానిదనుకుని పక్కన పడేశారు. నొప్పి మాత్ర వల్ల బాధ తెలియకపోయినా, జబ్బు అదుపులో లేకపోతే లోపల ఎముక అంచులు కొరుక్కుపోతూనే ఉంటాయి. ఒకసారి చెడిన కీలు ఆకారం మందులతో తిరిగి రాదు.

వయసుతో పాటు వచ్చే మోకాళ్ల అరుగుదల సంగతి వేరు. అరుగుదలను ఆపుతుందని రుజువైన మాత్ర ఇప్పటికీ లేదు, కనుక అక్కడ వాడే మందులన్నీ నొప్పిని తగ్గించి మనిషిని నడిపించడానికే. మీ జబ్బు ఏ రకమో, మీ చీటీలోని ఏ మాత్ర ఏ పనికో అడిగి, ప్రతి డబ్బా మీదా మీకు అర్థమయ్యే మాటల్లో రాసుకోండి.

నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పాడవుతాయంటారు. నిజమేనా?

అందరికీ పాడవవు, కానీ భయం ఉత్తది కాదు. ఈ మాత్రలు ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. ఆస్పిరిన్, దాని తరహా మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. 1982లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నొప్పిని, వాపును పెంచేవి ఈ పదార్థాలే. అయితే జీర్ణకోశపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఇవే. నొప్పి చోట మాత్రమే వాటిని అడ్డుకుని మిగతా చోట్ల వదిలేసే మాత్ర లేదు.

అందువల్ల అరవై ఐదు దాటినవారు, షుగరు, బీపీ, గుండె నీరసం ఉన్నవారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె రక్తపరీక్షలో ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారు రోజూ నొప్పి మాత్ర వేసుకోవడం వైద్యుడికి తెలిసే జరగాలి. ముఖ్యంగా మూడు మందులు ఒకేసారి కలిసినప్పుడు ప్రమాదం బాగా పెరుగుతుంది: రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర, వాటికి తోడు నొప్పి మాత్ర. ఈ మూడూ వేర్వేరు వైద్యుల చీటీల నుంచి ఒకే మనిషి కడుపులోకి చేరడం తరచుగా జరుగుతుంది, ఎందుకంటే ఏ వైద్యుడికీ మిగతా రెండు చీటీలు కనిపించవు. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చి ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో నొప్పి మాత్రను ఆపాలా అని ముందే అడిగి పెట్టుకోండి.

గుండె విషయం కూడా చెప్పాలి. కడుపుకు హాని తక్కువని పేరు తెచ్చుకున్న రోఫెకాక్సిబ్ 1999లో మార్కెట్లోకి వచ్చి, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలాక 2004లో ప్రపంచమంతటా వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఆ కుటుంబపు మందులన్నిటి మీదా గుండె గురించిన హెచ్చరికలు వచ్చాయి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు ఉన్నవారు మందుల షాపులో అడిగి నొప్పి మాత్ర కొనుక్కోవడం మంచిది కాదు. గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నవారు ఐబుప్రోఫెన్ కూడా వేసుకుంటే ఆస్పిరిన్ చేసే మేలు తగ్గవచ్చు.

ఇంత చెప్పినా, ఈ మాత్రలను విషంగా చూడమని నా ఉద్దేశం కాదు. పొద్దున లేచి గ్లాసు పట్టుకోలేని స్థితిలో నన్ను పనికి పంపించినవి ఇవే. అవసరమైనంత తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడడం, ఒకే రకపు మందును రెండు కంపెనీల పేర్లతో రెండు సార్లు వేసుకోకుండా చూసుకోవడం చాలావరకు మన చేతిలోని పనులు.

నొప్పి మాత్రతో పాటు గ్యాస్ మాత్ర ఎందుకు రాస్తారు? గ్యాస్ లేకపోతే మానేయవచ్చా?

అది గ్యాస్ కోసం కాదు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి ఆమ్లాన్ని తగ్గించి జీర్ణకోశంలో పుండ్లు పడకుండా కాపాడతాయి. మంట ఏమీ లేకుండానే పుండు పడి రక్తం పోయినవారు ఉన్నారు, కనుక మంట లేదన్న ధైర్యంతో మానేయడం సరికాదు. మలం నల్లగా తారులా, జిగటగా వస్తే, లేదా కాఫీ పొడి రంగులో వాంతి అయితే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది. ఆ తేడాను ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని చూడకండి.

మాత్రకు బదులు పూత మందు పూసుకుంటే సరిపోతుందా?

మోకాలు, వేళ్ల వంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్లలో అరుగుదల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ నిజంగానే పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రోజుకు మూడు నాలుగు సార్లు, చెప్పినంత పరిమాణంలో, కొన్ని రోజులు వరుసగా పూస్తేనే ఫలితం తెలుస్తుంది; ఒకసారి రాసి వదిలేసినవారే ఎక్కువగా పనిచేయలేదంటారు. తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఉపయోగం ఉండదు.

పారాసిటమాల్ అయితే ఎంతైనా వేసుకోవచ్చు కదా?

వేసుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజు మొత్తంలో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. మద్యం తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, బాగా బరువు తక్కువ ఉన్నవారికి అంతకన్నా తక్కువే. జలుబు మాత్రల్లోనూ, ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు కలిపిన మాత్రల్లోనూ, ఇతర నొప్పి మాత్రల్లోనూ పారాసిటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి, తెలియకుండానే ఆ గీత దాటవచ్చు. కడుపుకూ కిడ్నీలకూ ఇది సౌమ్యమైనదే, కానీ అరుగుదల నొప్పి మీద దీని ప్రభావం పరిమితమని తెలిసి వాడితే నిరాశ ఉండదు.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందట. నాకెందుకు రాశారు? వారానికి ఒక్కరోజే ఎందుకు?

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం మోతాదులో ఉంది. క్యాన్సర్ చికిత్సలో కొన్నిసార్లు గ్రాముల్లో ఇచ్చే మందును కీళ్లవాతానికి సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. ఆ కొద్ది మోతాదులో అది చేసేది వాపును పుట్టించే రక్షణ కణాల ఉద్ధృతిని తగ్గించడం. అమెరికాలో 1988 నుంచి కీళ్లవాతానికి అనుమతి పొంది, ఇప్పటికీ ప్రపంచమంతటా మొదటగా ఎంచుకునే మందు ఇదే. మాత్రల పెట్టెలోని కాగితం చదివి భయపడి మొదటి వారమే మానేసినవారిని నేను చాలామందిని చూశాను. ఆ కాగితం క్యాన్సర్ రోగినీ మనల్నీ కలిపి రాసినది.

వారానికి ఒక్కరోజు అన్న నియమాన్ని మాత్రం ప్రాణంతో సమానంగా పాటించాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణమే పోవచ్చు. ఇలాంటి మరణాలు అనేక దేశాల్లో జరిగాయి. ఎక్కువగా ఆసుపత్రి మారినప్పుడు, చీటీ తిరగరాసినప్పుడు, పెద్దవయసువారికి మాత్రలు ఇచ్చే మనిషి మారినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. అందుకే మందు వేసుకునే రోజు పేరును చీటీ మీదా డబ్బా మీదా రాయించుకోండి. నాది ఆదివారం రాత్రి. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. 2.5 మిల్లీగ్రాములవీ 10 మిల్లీగ్రాములవీ చూడడానికి ఒకేలా ఉండవచ్చు, కనుక ప్రతిసారీ బలం చదివాకే లెక్కపెట్టండి. మరచిపోయానని రెట్టింపు వేసుకోవద్దు.

మరొక్క మాట. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు వాడే ట్రైమెథోప్రిమ్, అది కలిసి ఉండే కోట్రైమాక్సజోల్ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ వైద్యుడి దగ్గరకు ఏ చిన్న జబ్బుతో వెళ్లినా ముందుగా ఈ మందు పేరు చెప్పండి.

మెథోట్రెక్సేట్ వేసుకున్న మరునాడు ఒళ్లంతా నీరసం, వికారం. ఇది అందరికీ ఉంటుందా?

అందరికీ ఉండదు, కానీ చాలామందికి ఉంటుంది, ఉన్నవారిలో ఎక్కువమంది చెప్పుకోరు. తల మొద్దుబారినట్టు, జ్వరం వచ్చి తగ్గిన మరునాటి ఒంటిలా ఉంటుందని వాళ్లు వర్ణిస్తారు. కొందరికి మాత్ర రంగు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. రెండేళ్లు నాకూ ఇదే పరిస్థితి. ఓర్చుకోవడమే మార్గమనుకుని ప్రతి సోమవారాన్నీ పోగొట్టుకున్నాను. ఒకసారి నోరు విప్పి చెప్పాక మూడు నెలల్లో దారి దొరికింది.

దారులు చాలానే ఉన్నాయి. రాత్రి తిన్న తర్వాత వేసుకుంటే కొంత భాగం నిద్రలో గడిచిపోతుంది. ఫోలిక్ ఆమ్లం మాత్ర వికారాన్ని, నోటి పుండ్లను, కాలేయపు ఎంజైముల పెరుగుదలను తగ్గిస్తుంది; దాన్ని చాలామంది వైద్యులు మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు కాకుండా మిగతా రోజుల్లో వేసుకోమంటారు. మోతాదును అదే రోజు రెండు భాగాలుగా తీసుకోమనవచ్చు. చర్మం కింద తీసుకునే ఇంజెక్షన్‌కు మారితే కొందరికి వికారం తగ్గుతుంది, మందు కూడా ఒంటికి బాగా పడుతుంది. ఇవేవీ పనిచేయకపోతే మందే మార్చవచ్చు.

ఓర్చుకోకూడనివి వేరే ఉన్నాయి. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం మొదలైతే అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు. గొంతు నొప్పితో తీవ్ర జ్వరం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నోట్లో మానని పుండ్లు కనిపిస్తే తదుపరి మోతాదు వేసుకోకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి.

నాకేమీ ఇబ్బంది లేదు. అయినా మూడు నెలలకోసారి రక్తపరీక్ష అవసరమా?

అవసరమే. కాలేయమూ ఎముక మజ్జా కిడ్నీలూ బాధ తెలియజేసేలోపే అంకెల్లో మార్పు కనిపిస్తుంది. మెథోట్రెక్సేట్ లేదా లెఫ్లునమైడ్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక సుమారు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయ ఎంజైములు, క్రియాటినిన్ చూస్తారు. ఒకసారి అంకె కాస్త పెరిగినంతమాత్రాన మందు ఆపేయనవసరం లేదు. మోతాదు తగ్గించి, మళ్లీ పరీక్షించి చూస్తారు. పాత కాగితాలు ఒకచోట దాచండి. ఒక్క అంకె చెప్పలేని విషయాన్ని అంకెల వరుస చెబుతుంది.

స్టెరాయిడ్ వేసుకుంటే రెండు రోజుల్లోనే మామూలు మనిషినయ్యాను. దాన్నే కొనసాగించవచ్చా?

ఈ ప్రశ్న అడిగేవారి ముఖంలోని ఆనందం నాకు తెలుసు, అందుకే జవాబు చెప్పడం కష్టంగా ఉంటుంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బుకు మందు దొరికిందని ప్రపంచం సంబరపడింది. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడినవారికి ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఎముకలు పెళుసు కావడం, ఇన్ఫెక్షన్లు సోకడం, ఆపగానే నొప్పులు తిరగబెట్టడం ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఇప్పుడు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ను ఎక్కువగా వంతెనలా వాడతారు. నెమ్మదిగా పనిచేసే మెథోట్రెక్సేట్ వంటి మందు ప్రభావం అందేదాకా కొన్ని వారాలు ఇచ్చి, ఆ తర్వాత క్రమంగా తగ్గిస్తారు. ఆ తగ్గింపును మధ్యలో వదిలేసి, బాగుందని పాత చీటీతోనే ఏళ్ల పాటు కొనుక్కుంటూ పోయినవారిలో షుగరు, బీపీ, కంటి శుక్లాలు, పల్చబడిన చర్మం, చిన్న తూలుకే విరిగిన వెన్నుపూస చూశాను.

ఇంకా పెద్ద ప్రమాదం హఠాత్తుగా ఆపడంలో ఉంది. మూడు వారాలకు మించి వాడినప్పుడు కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఇలాంటి తమ సొంత హార్మోను తయారీని తగ్గించుకుంటాయి. ఒక్కసారిగా మాత్ర ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, స్పృహ తప్పే స్థితి రావచ్చు. శస్త్రచికిత్స, తీవ్రమైన జ్వరం వంటి సమయాల్లో మోతాదు పెంచవలసి రావచ్చు కూడా. కనుక స్టెరాయిడ్ వాడుతున్నట్టు రాసి ఉన్న కాగితాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోండి. ఎక్కువ కాలం తప్పనిసరైతే క్యాల్షియం, విటమిన్ డి, ఎముకల బలం పరీక్ష గురించి మీరే అడగండి.

పేరు రాయని పొడి వాడితే నొప్పులన్నీ మాయమయ్యాయి. అది మూలికే కదా, భయమెందుకు?

ఏళ్ల నాటి వాపు మూడు రోజుల్లో దిగిపోయి, ఆకలి విపరీతంగా పెరిగి, ముఖం నిండుగా కనిపిస్తుంటే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. ఇలాంటి కల్తీ పరీక్షల్లో పలుమార్లు బయటపడింది. దాన్ని వెంటనే పారేయకండి, ఒక్కసారిగా ఆపకండి. వైద్యుడి దగ్గరకు ఆ పొట్లంతో సహా వెళ్లండి. తిడతారని దాచిపెట్టినందువల్ల మత్తు ఇచ్చే వైద్యుడికి సైతం తెలియక ప్రాణం మీదకు తెచ్చుకున్నవారున్నారు. ఏ పద్ధతి వైద్యమైనా సరే, లోపల ఏముందో రాయని మందును నెలల తరబడి మింగడం నేను ఒప్పుకోలేను.

హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే చూపు పోతుందా?

రోజుకు కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాములు మించకుండా వాడినప్పుడు మొదటి కొన్నేళ్లలో ఆ ముప్పు చాలా తక్కువ. కాలం గడిచే కొద్దీ పెరుగుతుంది, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో మరింత. కంటి వెనుక పొర అయిన రెటీనాకు జరిగిన హాని తిరిగి బాగుపడదు, కాబట్టి మందు మొదలుపెట్టిన తొలి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ప్రతి ఏటా కంటి పరీక్ష చేయించాలి. అద్దాల నంబరు చూసే పరీక్ష సరిపోదు. ఈ మందు పేరు చెప్పి, రెటీనా పరీక్ష కావాలని అడగాలి.

బయలాజిక్ ఇంజెక్షన్లు ఎప్పుడు అవసరమవుతాయి? వాటికి ముందు టీబీ పరీక్ష ఎందుకు?

బయలాజిక్‌లంటే రక్షణ వ్యవస్థలోని ఫలానా పదార్థాన్ని గురిపెట్టి అడ్డుకునే ఇంజెక్షన్లు. మాత్రలు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా వాపు తగ్గనప్పుడు అవి అవసరమవుతాయి. వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటే జబ్బు నెమ్మదిస్తుందని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ చేసిన పరిశోధన చూపించింది. 1998లో ఎటనర్సెప్ట్, ఆ తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వాడుకలోకి వచ్చాయి. ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రాణంగా ఉన్న టీబీ క్రిములను కట్టడి చేసి ఉంచేది కూడా టీఎన్ఎఫే. దాన్ని అడ్డుకుంటే ఆ టీబీ మేల్కొనవచ్చు, అందుకే ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష లేదా రక్తపరీక్ష ముందుగా చేస్తారు. హెపటైటిస్ బి కూడా చూస్తారు. టీకాలు మొదటి ఇంజెక్షన్‌కు ముందే పూర్తిచేసుకోవడం మేలు. సజీవ క్రిములతో చేసిన టీకాలు తర్వాత వేయరు.

టోఫాసిటినిబ్ వంటి కొత్త మాత్రల విషయంలో, గుండెపోటు, రక్తపు గడ్డలు, క్యాన్సర్ ముప్పు గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో గట్టి హెచ్చరిక చేర్చింది. పొగతాగేవారు, గుండె జబ్బు ఉన్నవారు దీని గురించి విడిగా మాట్లాడాలి.

నొప్పి భరించలేక ట్రమడాల్ మొదలుపెట్టాను. ఇప్పుడు లేకపోతే ఉండలేకపోతున్నాను. నేను వ్యసనపరుడినా?

ఆ మాట మీ మీద మీరు వేసుకోవద్దు. రోజూ వాడినప్పుడు శరీరం ఆ మందుకు అలవాటు పడుతుంది. ఆపితే చెమటలు, ఆందోళన, నిద్రలేమి, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఆ ఒళ్లు నొప్పులనే జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచుకున్నవారిని ఎరుగుదును. మెల్లగా తగ్గించుకోవడమే మార్గం, అదీ వైద్యుడి లెక్క ప్రకారమే. మలబద్ధకం, మత్తు, పెద్దవయసులో పడిపోవడం దీని ఇతర ఇబ్బందులు.

2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో నడుము నొప్పి, తుంటి, మోకాలి అరుగుదల ఉన్న 240 మందిని రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి ట్రమడాల్ తరహా బలమైన మందులు, మరో భాగానికి మామూలు నొప్పి మందులు ఏడాది పాటు ఇచ్చారు. పనులు చేసుకోగలగడంలో ఏ తేడా లేదు. నొప్పి విషయంలో మామూలు మందులవారే కాస్త మెరుగ్గా ఉన్నారు. బలమైన మందు అంటే మంచి మందు అనుకునే మనకు ఇది తెలియవలసిన సంగతి.

గౌట్‌కు అల్లోప్యూరినాల్ మొదలుపెట్టగానే నొప్పి ఎక్కువైంది. మందు పడలేదా?

పడకపోవడం కాదు, చాలావరకు పనిచేస్తున్నందువల్లే. రక్తంలో యూరిక్ ఆమ్లం తగ్గే కొద్దీ కీళ్లలో పేరుకున్న స్ఫటికాలు కరుగుతూ కదలడంతో మొదటి నెలల్లో నొప్పి రావచ్చు. అందుకే కొద్ది మోతాదుతో ప్రారంభించి, మూడు నుంచి ఆరు నెలలు కోల్చిసిన్ వంటి మందు తోడు ఇస్తారు. యూరిక్ ఆమ్లం డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు చేరేదాకా మోతాదు పెంచుతారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆపి, తగ్గాక మొదలుపెట్టేవారికి ఈ చక్రం ఎప్పటికీ ముగియదు. ఒంటి మీద దద్దురు వస్తే మాత్రం వెంటనే ఆపి వైద్యుడిని కలవాలి.

మోకాలిలో ఇంజెక్షన్, గ్లూకోసమైన్ మాత్రలు పనిచేస్తాయా?

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, పదేపదే వేయించుకోవడం మంచిది కాదు. రెండేళ్ల పాటు పన్నెండు వారాలకోసారి ఇచ్చి చూసిన 2017 నాటి పరిశోధనలో ఉప్పునీటి ఇంజెక్షన్ కన్నా నొప్పి ఏమీ ఎక్కువ తగ్గలేదు, గుజ్జు మాత్రం ఎక్కువ పల్చబడింది. గ్లూకోసమైన్ మీద 2006లో వచ్చిన పెద్ద పరిశోధనలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకు మించిన ఫలితం కనిపించలేదు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామానికీ బరువు తగ్గడానికీ ఉన్న ఆధారం వీటికి లేదు. అధిక బరువున్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

పిల్లలను కనాలనుకుంటున్నాం. మందులు ఎప్పుడు ఆపాలి?

గర్భం నిలిచాక కాదు, అనుకున్నప్పుడే వైద్యుడితో మాట్లాడాలి. మెథోట్రెక్సేట్ గర్భస్రావానికీ శిశువు అవయవ లోపాలకూ కారణమవుతుంది, కొన్ని నెలల ముందే ఆపాలి. లెఫ్లునమైడ్ ఒంట్లో రెండేళ్ల దాకా మిగిలి ఉండగలదు, దాన్ని బయటకు పంపడానికి కొలెస్టిరమిన్ అనే మందు ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ గర్భంలోనూ కొనసాగించవచ్చు. సల్ఫాసలజీన్ మగవారిలో వీర్యకణాల సంఖ్యను తగ్గించవచ్చు. ఆపితే తిరిగి పెరుగుతుంది. పెళ్లి కాని అమ్మాయిలకు ఈ మాటలు చెప్పడానికి మొహమాటపడే వైద్యులు ఉన్నారు, అడగడానికి మొహమాటపడే తల్లులూ ఉన్నారు. దయచేసి అడగండి.

పైకి బాగానే కనిపిస్తావు, ఊరికే మాత్రలు మింగుతావని ఇంట్లోవాళ్లు అంటారు. ఏం చెప్పాలి?

ఉదయం గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి ఉండడం, మధ్యాహ్నానికి మామూలుగా కనిపించడం ఈ జబ్బు స్వభావం. చూసేవారికి మధ్యాహ్నమే కనిపిస్తుంది. ఒకసారి మీతో పాటు వారిని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. నేను పదేళ్లు చెప్పినా నమ్మని మాట ఎక్స్‌రే చూపిస్తూ వైద్యురాలు రెండు నిమిషాల్లో నమ్మించారు. దీర్ఘకాలపు నొప్పితో దిగులు, నిద్రలేమి రావడం సాధారణం, అవి నొప్పిని మరింత పెంచుతాయి కూడా. మోకాలి అరుగుదల నొప్పికి డ్యులోక్సెటిన్ రాస్తే, అది దిగులు మందు కదా అని అవమానంగా భావించకండి. నరాలు నొప్పిని మోసుకెళ్లే తీరు మీద కూడా అది పనిచేస్తుంది. దాన్నీ హఠాత్తుగా ఆపకూడదు.

ఇప్పుడు నొప్పి లేదు, వాపు లేదు. ఇక మందులు మానేయవచ్చా?

జబ్బు లేనందువల్ల బాగున్నారా, మందు ఉన్నందువల్ల బాగున్నారా అన్నది మానేస్తే గానీ తెలియదు, తెలిసేసరికి ఆలస్యం కావచ్చు. మందులు మొదలుపెట్టిన ఆరో ఏట నేను ఎవరికీ చెప్పకుండా మెథోట్రెక్సేట్ ఆపాను. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి, వికారం లేదు, సోమవారాలు తిరిగి వచ్చాయి. మూడో నెలలో కుడి మణికట్టు ఉబ్బింది. సిగ్గుపడి మరో నాలుగు నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. తిరిగి మందు మొదలుపెట్టాక వాపు తగ్గింది గానీ, ఆ మణికట్టు ఇప్పటికీ సగమే వంగుతుంది.

మోకాలి అరుగుదలకు వాడే నొప్పి మాత్ర అయితే నొప్పి లేని రోజుల్లో తగ్గించుకోవచ్చు, మానేయవచ్చు కూడా. రుమటాయిడ్ కీళ్లవాతంలో కనీసం ఆరు నెలలు జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నాక మోతాదు తగ్గించే ఆలోచన చేస్తారు. ముందు స్టెరాయిడ్ ఆపుతారు, ఆ తర్వాత మిగతా మందుల్లో ఒక్కొక్కదాన్ని మెల్లగా తగ్గిస్తూ ప్రతి మెట్టు దగ్గరా కొన్ని నెలలు ఆగి చూస్తారు. అన్నీ పూర్తిగా మానేసి బాగున్నవారు కొద్దిమందే. తక్కువ మోతాదుతో బాగున్నవారు చాలామంది. మీకు తగ్గించాలని ఉంటే ఆ మాటే వైద్యుడితో అనండి, ఏ కీలు మళ్లీ ఉబ్బితే ఎన్ని రోజుల్లో రావాలో, ఏ మోతాదుకు తిరిగి వెళ్లాలో ముందే రాయించుకోండి.